వికటకవిని కాదన్న ప్రోగ్రాము

పన్నెండేళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాసి జీతం తీసుకుంటున్న నేను, గత ఏడాది వానాకాలంలో హాస్కెల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి కూర్చున్నాను. దానికీ నా ఉద్యోగానికీ సంబంధం లేదు. జూనియర్ కళాశాలలో తెలుగు బోధించే మా చెల్లెలు, పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించి గణాలుగా విడదీసి చూపే చిన్న ప్రోగ్రాము పిల్లల అభ్యాసానికి కావాలని అడిగింది. అలాంటివి అంతర్జాలంలో ఇప్పటికే ఉన్నాయి కదా అన్నాను. అవి జవాబు చెప్పేస్తాయనీ, పిల్లవాడు ఏ అక్షరం దగ్గర తప్పాడో చూపేది తనకు కావాలనీ ఆమె అన్నది. జావాలో అయితే అది రెండు ఆదివారాల పని. గడువు లేని పని, పైన కూర్చుని తొందరపెట్టేవారు లేని పని దొరకడం అరుదు కనుక, ప్రోగ్రామును ఆజ్ఞల వరుసగా కాక గణిత ప్రమేయాల కూర్పుగా రాసే, ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌ను దీనితోనే మొదలుపెడదామని నిశ్చయించుకున్నాను. రెండు ఆదివారాల పని ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఎక్కడెక్కడ బోర్లాపడ్డానో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఈ టపా దానిలోంచి తీసినదే.

హాస్కెల్ తెలిసినవారు కొత్తవారిని భయపెట్టేది ‘మొనాడ్’ అనే మాటతో. నేను కూడా దానికోసమే నడుం బిగించుకుని కూర్చున్నాను. కానీ మొదటి వారంలోనే నన్ను పడగొట్టింది సమాన చిహ్నం. ఎక్స్ విలువ ఐదు అని రాసి, ఆ తరువాతి వరుసలో ఎక్స్ అంటే ఎక్స్‌కు ఒకటి కలిపినది అని రాశాను. జావాలో ఈ వాక్యాన్ని రోజుకు పదిసార్లు రాస్తాను. హాస్కెల్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఒప్పుకున్నది. తీరా ఎక్స్ ఎంత అని అడిగేసరికి జవాబు రాలేదు. ల్యాపుటాప్ ఫ్యాను మాత్రం గట్టిగా తిరగసాగింది. కంట్రోల్, సి నొక్కి ఆపవలసి వచ్చింది. నేను ఆజ్ఞ ఇచ్చాననుకున్నాను, అది నిర్వచనంగా తీసుకున్నది. ఎక్స్ ఎంతో తెలియాలంటే ఎక్స్ ఎంతో తెలియాలి అని నేనే చెప్పాను కనుక, అది ఆ మాట పట్టుకుని అంతులేకుండా తిరుగుతూ ఉన్నది. మొదటి వరుసలోని ఐదు ఇందులో లెక్కకే రాదు, ఎందుకంటే రెండో వరుస పాత ఎక్స్‌ను మార్చలేదు. అదే పేరుతో మరొక కొత్త ఎక్స్‌ను పుట్టించింది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో తెలుగు మాధ్యమంలో ‘ప్రమేయాలు’ (ఇంగ్లిషులో ఫంక్షన్లు) అనే పాఠం చదువుకున్నవాడిని. ప్రదేశంలోని ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒకే ఒక మూలకం ఉంటుందని వల్లె వేసినవాడిని. ఆ పాఠంలో ఎక్కడా ఎక్స్ విలువ మధ్యలో మారలేదు. పన్నెండేళ్ల ఉద్యోగం ఆ సంగతిని పూర్తిగా తుడిచిపెట్టిందని ఆ రాత్రి తెలిసింది. సంయుక్త ప్రమేయంలో కుడివైపు ఉన్న దానిని ముందు ప్రయోగించాలనే నియమం హాస్కెల్‌లోని చుక్క గుర్తుకూ సరిగ్గా వర్తిస్తుంది. అయినా మొదటి నెలంతా నేను వాటిని ఎడమనుంచి కుడికే చదువుతూ వచ్చాను.

రెండో దెబ్బ సగటు దగ్గర తగిలింది. ఒక జాబితాలోని సంఖ్యల మొత్తాన్ని వాటి లెక్కతో భాగించాలి, అంతే. మొత్తానికి ‘సమ్’ ఉన్నది, లెక్కకు ‘లెంగ్త్’ ఉన్నది, నడుమ ఏటవాలు గీత పెట్టాను. ‘ఫ్రాక్షనల్ ఇంట్’కు ఇన్‌స్టాన్స్ లేదు అని జవాబు వచ్చింది. గంటన్నర సేపు ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. విషయం ఇది: ‘లెంగ్త్’ ఇచ్చేది పూర్ణసంఖ్య, ఏటవాలు గీత భాగించేది భిన్నాలను వహించగల సంఖ్యలను మాత్రమే, ఒక రకం సంఖ్యను ఇంకొక రకంగా హాస్కెల్ తనంతట తాను మార్చదు. ‘ఫ్రమ్ ఇంటిగ్రల్’ అనే ఫంక్షన్‌తో నేనే మార్చాలి. జావా ఇలాంటి చోట పూర్ణసంఖ్యను చడీచప్పుడు లేకుండా దశాంశంగా మార్చేస్తుంది. ఆ సేవ అందుకుంటున్నానన్న సంగతే నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఈ దోషసందేశాల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తవాడి సమయంలో సగం వాటిని చదవడానికే సరిపోతుంది. అవి అబద్ధం చెప్పవు. కానీ తప్పు జరిగిన చోటు నుంచి కాక, ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఇక ముందుకు పోలేక ఆగిపోయిన చోటు నుంచి మాట్లాడతాయి. ఫైలులో ఎన్ని అక్షరాలున్నాయో తెలుసుకోవడానికి ‘రీడ్‌ఫైల్’ ముందు ‘లెంగ్త్’ అని రాశాను. ఇది స్ట్రింగ్ (అంటే పాఠం) కాదు నాయనా అని ఉంటే అర్థమయ్యేది. ఐఓకు, అంటే ఫైలు చదవడం వంటి బయటి పనుల రకానికి, ‘ఫోల్డబుల్’ ఇన్‌స్టాన్స్ లేదు అని వచ్చింది. ఫోల్డబుల్ అంటే ఏమిటో నాకు తెలియదు, నేను అడగనూ లేదు. 2015లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10 నుంచి ‘లెంగ్త్’ జాబితాలకే పరిమితం కాకుండా, లోపల మూలకాలను మోయగల ఏ నిర్మాణానికైనా వర్తించేలా విస్తరించారట. అనుభవజ్ఞులకు అది సౌకర్యమే కావచ్చు. దానివల్లనే రెండు సంఖ్యల జంటను ఇచ్చి లెంగ్త్ ఎంత అని అడిగితే ఒకటి అని చెబుతుంది. జంటకు పొడవు ఒకటి అనే జవాబు వెనుక తర్కం ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటాను కానీ, మొదటి నెలలో దానిని చూడవలసి రావడం మాత్రం అన్యాయం.

ఇంకొక రకం తికమక ఫంక్షన్‌కు ఇవ్వవలసినది ఇవ్వడం మరిచినప్పుడు వచ్చేది. రెండు విలువలు ఇవ్వవలసిన చోట ఒకటే ఇస్తే, ఒకటి తక్కువైంది అని హాస్కెల్ అనదు. మిగిలినదాని కోసం ఎదురుచూసే కొత్త ఫంక్షన్‌ను చేతిలో పెడుతుంది. తప్పు మరెక్కడో, పది వరుసల కింద బయటపడుతుంది. ఈ పద్ధతిని కర్రీయింగ్ అంటారు. మన వీధి చివర కర్రీ పాయింటుతో దానికి చుట్టరికం లేదు. హాస్కెల్ బ్రూక్స్ కర్రీ (1900–1982) అనే అమెరికన్ తర్కశాస్త్రవేత్త ఇంటిపేరు ఈ పద్ధతికి, సొంతపేరు ఈ భాషకు పెట్టారు. ఆలోచన మాత్రం అంతకుముందే 1924లో మోసెస్ షోన్‌ఫింకెల్ ప్రచురించిన వ్యాసంలో ఉన్నది. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన సమావేశంలో, అప్పటికే ఒకదానికొకటి దగ్గరగా ఉన్న డజనుకు పైగా భాషలు ఎవరికి వారు వాడుతున్నారని గమనించిన పరిశోధకులు, అందరికీ పనికివచ్చే ఒక భాష కోసం సంఘంగా ఏర్పడ్డారు. తొలి నిర్వచనం 1990 ఏప్రిల్ 1న వెలువడింది. ఆ తేదీని చూసి నేను రెండుసార్లు నవ్వుకున్నాను. ఒకటి చదివినప్పుడు, రెండవది ఫోల్డబుల్ రోజున.

ఇవన్నీ చిల్లర దెబ్బలు. అసలు సంగతి ఆరో వారంలో జరిగింది.

ఏ పాఠ్యగ్రంథంలోనైనా మొదట్లోనే వచ్చే అభ్యాసం ఒకటున్నది: ఇచ్చిన మాట ఎటునుంచి చదివినా ఒకటేనా అని తేల్చే ఫంక్షన్ రాయడం. హాస్కెల్‌లో అది ఒకే వరుస. స్ట్రింగ్ ఇస్తే అవును, కాదు అనే జవాబు ఇవ్వాలి; మాటను ‘రివర్స్’తో తిప్పి, తిప్పినది అసలుదానికి సమానమేనా అని అడగాలి. ఏమి పుచ్చుకుని ఏమి ఇస్తుందో చెప్పే టైపు రాశాను, వరుస రాశాను, కంపైలర్ ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నది. ఇంగ్లిషు మాటలకు సరైన జవాబు ఇచ్చింది. తెలుగుకు ఎలా ఉంటుందో చూద్దామని ‘నటన’ ఇచ్చాను, అవునన్నది. ‘జలజ’ ఇచ్చాను, అవునన్నది. అప్పుడు తెలుగువాడికి సహజంగా తోచే మాట తోచింది. కాళికాదేవి తెనాలి రామకృష్ణుడికి ఇచ్చిందని చిన్నప్పుడు కథలో విన్న బిరుదు, ‘వికటకవి’ అని కొట్టాను.

కాదన్నది.

నా తప్పేమో అనుకుని మళ్లీ కొట్టాను, మళ్లీ కాదన్నది. హాస్కెల్ వర్గాలలో ప్రచారంలో ఉన్న ఒక గొప్ప మాట నాకు గుర్తుకు వచ్చింది: కంపైల్ అయితే చాలు, ఇక పనిచేసినట్టే అంటారు. నా ప్రోగ్రాము ఏ మచ్చా లేకుండా కంపైల్ అయింది, ఇంతకంటే చిన్నది రాయడం సాధ్యం కాదు, తెలుగు దేశంలో పసిపిల్లవాడికి కూడా తెలిసిన జవాబును తప్పు చెబుతున్నది.

తిప్పిన మాటను తెర మీద చూద్దామని అడిగితే అక్షరాలకు బదులు అంకెలు వచ్చాయి. ‘షో’ అనే ఫంక్షన్ ఇంగ్లిషేతర లిపులను యథాతథంగా చూపకుండా వాటి యూనికోడ్ సంఖ్యలను (ప్రతి గుర్తుకూ కంప్యూటర్లన్నీ వాడే సంఖ్యలను) చూపుతుందని, ‘పుట్‌స్ట్రింగ్‌లైన్’ వాడితే లిపి కనిపిస్తుందని తరువాత తెలిసింది. ఆ సమయానికి మాత్రం చిరాకు కలిగించిన ఆ అంకెలే నాకు దారి చూపాయి. వికటకవి అనే మాట యంత్రానికి ఏడు సంఖ్యలు: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. మనం ఐదు అక్షరాలు అనుకునేది దానికి ఏడు. మొదటి ‘వి’ అనేది 3125 అనే వకారం, 3135 అనే గుడి. తిప్పేసరికి చివరి గుడి అన్నిటికంటే ముందుకు వచ్చి, ఆనుకోవడానికి హల్లు లేక దిక్కుతోచక నిలబడింది. నడుమనున్న గుడి వెనుకటి వకారాన్ని వదిలి తన ముందుకు వచ్చిన కకారానికి అతుక్కున్నది. తెర మీద కనిపించినది వకటకివ, దాని ముందు ఒంటరి గుడి. నటన, జలజ గట్టెక్కడానికి కారణం వాటిలో గుణింతం లేకపోవడమే. ఆ తరువాత పులుపు, కునుకు, నందనం అన్నీ ఇచ్చి చూశాను, అన్నిటినీ కాదన్నది.

న్యాయంగా మాట్లాడాలంటే ఇది హాస్కెల్ దోషం కాదు. జావాలో రాసినా ఇదే జవాబు వచ్చేది. పన్నెండేళ్లలో తెలుగు మాటను ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు కనుక నాకు తెలియలేదు, అంతే. అయినా ఒక తేడా ఉన్నది. హాస్కెల్‌లో ప్రతి ఫంక్షన్‌కూ ముందు టైపు రాయడం అలవాటు చేస్తారు. ఇది ఏమి పుచ్చుకుంటుంది, ఏమి ఇస్తుంది అని ముందే చెప్పాలి. నేను ‘స్ట్రింగ్’ అని రాశాను. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల, అంటే ఒక్కో యూనికోడ్ సంఖ్య గల గుర్తుల, జాబితా, అంతకంటే ఏమీ కాదు. అది అక్షరాల జాబితా అని నేను అనుకున్నాను. కంపైలర్ క్యారెక్టర్ల జాబితా గురించి ఆలోచించింది, నేను అక్షరాల జాబితా గురించి ఆలోచించాను, మా ఇద్దరి నడుమ ఉన్న ఈ తేడాకు పేరు పెట్టినవారు ఎవరూ లేరు కనుక అది ఎవరికీ కనిపించలేదు. టైపులు కాపలా కాసేది నేను గీసిన గీతలకే. నేను గీయని గీతను అవి ఊహించలేవు.

అందువల్ల అక్షరం అంటే ఏమిటో చెప్పవలసిన పని నా మీద పడింది. ముందుగా సులువైన దారి వెతికాను. ఒక క్యారెక్టర్ గుణింతపు గుర్తు వంటిదా కాదా అని చెప్పే ‘ఈజ్‌మార్క్’ అనే ఫంక్షన్ హాస్కెల్‌తోపాటే వస్తుంది. జాబితాలో మొదటిదాన్ని తీసుకుని, దాని వెంట ఉన్న గుర్తులన్నిటినీ ‘స్పాన్’తో దానికి జతచేసి, మిగిలిన జాబితాకు ఇదే పని చెయ్యమన్నాను. ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం అప్పటివరకు నాకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే; ఇక్కడ వేరే దారి లేకపోవడంతో దానికి అలవాటు పడ్డాను, రెండు వారాలకు, జావాలో పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ ఇక్కడ లేదనే బెంగ తగ్గింది. వికటకవి గెలిచాడు. ఆ ఆనందంలో చెల్లెలికి ఫోను చేశాను.

‘‘ముత్యము అని ఇచ్చి చూడు అన్నయ్యా’’ అన్నది, రెండు క్షణాలైనా ఆలోచించకుండా.

ము, త్య, ము. ఎటునుంచి చదివినా ముత్యమే. నా ప్రోగ్రాము కాదన్నది. ‘త్య’ అనేది త, ఆ తరువాత హల్లును పొల్లు చేసే గుర్తు (3149), ఆ తరువాత య. నా ఫంక్షన్ ఆ గుర్తును తకారానికి జతచేసి ‘త్’ ఒక అక్షరం, ‘య’ మరొక అక్షరం అని విడగొట్టింది. సంయుక్తాక్షరం సంగతి మరిచిపోయాను. పద్యాల ప్రోగ్రాము రాయబోతున్నవాడు సంయుక్తాక్షరాన్ని మరవడం, వంటకు కూర్చుని ఉప్పు మరవడం ఒకటే. నాకు కొంత ఊరట కలిగించిన సంగతి ఏమంటే, మాటను కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టడానికి యూనికోడ్‌వారు ఇచ్చే ప్రామాణిక నియమాలు కూడా చాలాకాలం ఇదే పొరపాటు చేశాయి. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదనే నియమం 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది.

ఈసారి అతుకులు వెయ్యకుండా, అక్షరానికి సొంత టైపు తయారుచేద్దామనుకున్నాను. దానికి మూడు భాగాలు: హల్లుల జాబితా, ఒక అచ్చు, చివర అనుస్వారమో విసర్గో ఏదీ లేకపోవడమో. కాగితం మీద ఇది రాస్తున్నప్పుడు, ముప్పయ్యేళ్లుగా రాస్తున్న నా లిపి గురించి నేను ఆలోచించని ఒక సంగతి ఎదురైంది. ‘క’ యంత్రానికి ఒకే సంఖ్య. అందులో కకారంతోపాటు అకారం కూడా ఉన్నది, కానీ దానికి విడిగా గుర్తు లేదు. ఏ గుర్తూ లేకపోవడమే అకారానికి గుర్తు. నా టైపులో అచ్చు అనే గడి ఖాళీగా ఉండడానికి వీలులేదు కనుక, ఆ కనిపించని అకారాన్ని ప్రతిచోటా నేను బయటపెట్టి రాయవలసి వచ్చింది. తలకట్టు అనే పేరుతో బడిలో నేర్చుకున్నది ఇదే.

ఇక్కడ ఒక చిన్న అవమానం కూడా జరిగింది. ఆ టైపుకు ‘అక్షరం’ అని తెలుగులోనే పేరు పెడదామని ప్రయత్నించాను. హాస్కెల్‌లో టైపుల పేర్లు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అనే తేడా లేదు. అలాంటి లిపుల అక్షరాలన్నిటినీ కంపైలర్ చిన్న అక్షరాల కింద జమకడుతుంది. అంటే తెలుగు అక్షరానికి తెలుగు అక్షరాలతో పేరు పెట్టడానికి ఈ భాషలో వీలులేదు. ఇంగ్లిషు లిపిలో రాసి ఊరుకున్నాను.

టైపు కుదిరాక పని ఒక్కసారిగా తేలికపడింది. అచ్చు దీర్ఘమైతే గురువు, వెంట అనుస్వారమో విసర్గో ఉంటే గురువు, తరువాతి అక్షరంలో ఒకటికి మించి హల్లులుంటే గురువు, లేకుంటే లఘువు. ఈ నియమాలను ఛందోగ్రంథంలో ఎలా ఉన్నాయో ఇంచుమించు అలాగే రాసుకోగలిగాను. ఏ జావా ప్రోగ్రామూ నాకు ఇంత దగ్గరగా రాలేదు. గణాల దగ్గర కంపైలర్ మొట్టమొదటిసారి నాకు నిజమైన ఉపకారం చేసింది. గురులఘువులు మూడేసి చొప్పున పేర్చితే ఎనిమిది వరుసలు, ఎనిమిది గణాలు. నేను ఏడు మాత్రమే రాశాను. హెచ్చరికలన్నీ చూపమని ముందే ఆదేశించి ఉన్నందున, గురువు, లఘువు, గురువు అనే వరుసకు జవాబు రాయలేదని అది చెప్పింది. అంటే ర గణం. ఆ హెచ్చరిక పట్టించుకోకపోయి ఉంటే, భ, ర, న, భ, భ, ర, వ అని నడిచే ఉత్పలమాల రెండో గణం దగ్గరే కూలిపోయేది. ఆ ఆదేశం ఇవ్వకపోతే కంపైలర్ ఈ సంగతి మాట్లాడదు. కొత్తవారికి మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది; నాకు నాలుగో నెలలో తెలిసింది.

అయినా అది పట్టుకోలేని తప్పులు నేను చేస్తూనే ఉన్నాను. ఒక అక్షరం గురువో లఘువో తేల్చడానికి తరువాతి అక్షరాన్ని చూడాలి కనుక, జాబితా నుంచి రెండేసి అక్షరాలు తీసి, మొదటిదాన్ని తేల్చి, మిగిలిన జాబితాతో ముందుకు పొమ్మన్నాను. చెల్లెలు ఒక ఉత్పలమాల పాదం పంపింది. ఇరవై అక్షరాలు ఉండాలి, పది గుర్తులే వచ్చాయి.

‘‘ఉత్పలమాలను నిలువునా కోశావేమిటి?’’ అని అడిగింది.

రెండో అక్షరాన్ని చూశాక దానిని తిరిగి జాబితాలో పెట్టడం మరిచిపోయాను. అక్షరాల జాబితా ఇస్తే గురులఘువుల జాబితా వస్తుందని టైపు చెప్పింది. ఎన్ని వస్తాయో అది చెప్పలేదు, నేను చెప్పమనలేదు. ఇలాంటి చోట జాబితాను దాని తోకతోనే జతపరచడం హాస్కెల్‌వారి ఆనవాయితీ అని చదివి, ‘జిప్’ అనే ఫంక్షన్‌తో ప్రతి అక్షరానికీ పక్క అక్షరాన్ని జంటగా కట్టాను. చూడడానికి ముచ్చటగా ఉన్నది. ఈసారి పంతొమ్మిది వచ్చాయి. రెండు జాబితాలలో పొట్టిది అయిపోగానే జిప్ ఆగిపోతుంది; చివరి అక్షరానికి పక్కవాడు లేడు కనుక అది రాలిపోయింది. పక్కన ఎవరూ లేకపోవచ్చు అనే సంగతిని ‘మేబీ’ అనే టైపుతో చెప్పాక ఇరవై నిండాయి. పది, పంతొమ్మిది, ఇరవై: నోటుపుస్తకంలో ఆ పేజీకి నేను పెట్టిన శీర్షిక అదే.

ఇక అందరూ భయపెట్టిన మొనాడ్ సంగతి. దాన్ని వివరించడానికి పెట్టె, కవరు, గొట్టం అంటూ రకరకాల పోలికలు చదివాను, ఒక్కటీ ఉపయోగపడలేదు. ఇటాలియన్ శాస్త్రవేత్త యూజీనియో మోజీ కంప్యూటరు భాషల అర్థాన్ని వివరించడానికి గణితం నుంచి ఆ భావన తెచ్చాడనీ, ఫిలిప్ వాడ్లర్ దానిని ప్రోగ్రాములు రాసే పద్ధతిగా మలిచాడనీ, 1996లో హాస్కెల్ 1.3తో బయటి ప్రపంచంతో మాట్లాడే పనులన్నీ ఆ దారికి వచ్చాయనీ చదివాక కొంత భయం పోయింది. మొదటి ఆరేళ్లు హాస్కెల్‌వారు కూడా వేరే దారులలో తంటాలు పడ్డారన్నమాట. నాకు అర్థమైనంతవరకు, ‘రీడ్‌ఫైల్’ ఇచ్చేది స్ట్రింగ్ కాదు. ఫైలు చదివి స్ట్రింగ్ తెచ్చే పనిని వర్ణించే చీటీ. ఆ చీటీ మీద లెంగ్త్ కొలవబోయినందుకే ఆనాడు ఫోల్డబుల్ తిట్టు తిన్నాను. ఈ ఒక్క ముక్క పట్టుకుని ‘డూ’ కింద వరుసగా పనులు రాసుకుంటూ పోయాను.

అందులో కూడా రెండు గోతులున్నాయి, రెండింటిలోనూ పడ్డాను. ఫైలు ఖాళీగా ఉంటే అక్కడితో ఆగిపోవాలని ‘రిటర్న్’ అని రాస్తే, కింది వరుసలన్నీ యథావిధిగా నడిచాయి. హాస్కెల్‌లో రిటర్న్ ఎక్కడి నుంచీ వెనక్కి రాదు. ఒక విలువను పనిగా చుట్టి పెడుతుంది, అంతే. జావా నుంచి వచ్చేవాడిని మోసగించడానికే ఆ పేరు పెట్టినట్టుంటుంది. రెండోది, పద్యాల ఫైలును చదివి, గుర్తులు చేర్చి, తిరిగి అదే ఫైలులో రాయబోతే ఫైలుకు తాళం వేసి ఉన్నదని దోషం వచ్చింది. తాళం వేసినవాడిని నేనే. రీడ్‌ఫైల్ అడిగినంతవరకే చదివే సోమరి. నేను రాయడం మొదలుపెట్టే సమయానికి అది చదవడం ముగించలేదు, అందువల్ల ఫైలును వదలలేదు. సోమరితనం ఈ భాషలో ప్రశంస అని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. నేను వేరే పేరుతో ఫైలు రాసి, ఆ ప్రశంసకు నమస్కారం పెట్టి తప్పుకున్నాను.

ఇప్పుడు ప్రోగ్రాము చెల్లెలి తరగతిలో నడుస్తున్నది. ఉత్పలమాల, చంపకమాల పాదాలను సరిగా విడదీస్తుంది, పిల్లవాడు వేసిన గణం ఎక్కడ తప్పిందో అక్షరం రంగు మార్చి చూపుతుంది. పరీక్షించడానికి చెల్లెలు ఇచ్చిన మాటల ఫైలులో మొదటిది వికటకవి, రెండవది ముత్యము. కొత్తగా ఏది మార్చినా ముందు ఆ రెండింటినీ అడుగుతాను. పాదం చివర పొల్లు వస్తే దానిని వెనుక అక్షరానికి చేర్చాలని ఆమె గుర్తు చేసింది, అది ఇంకా మిగిలి ఉన్నది. యతి కూడా మిగిలి ఉన్నది. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి. ఏ హల్లుకు ఏ హల్లు మిత్రమో, ఏ అచ్చుకు ఏ అచ్చు మిత్రమో పట్టిక ఆమె రాసి ఇవ్వాలి. అంతవరకు రెండు అక్షరాలు ఇస్తే మైత్రి ఉన్నదో లేదో చెప్పే ఫంక్షన్‌కు టైపు మాత్రం రాసి, సమాన చిహ్నానికి కుడివైపు ‘అన్‌డిఫైన్డ్’ అని పెట్టాను. కంపైలర్ ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నది.